నాన్నకి థర్మామీటర్ బీప్ వినపడట్లేదు, ఇంట్లోనే వినికిడి చూసుకునే దారి ఏదైనా ఉందా?

కోనసీమ_కుర్రాడు | మంగళవారం రాత్రి 9:42

అందరికీ నమస్తే. మొన్న నాన్నకి కాస్త ఒళ్లు వెచ్చగా ఉంటే డిజిటల్ థర్మామీటర్ చంకలో పెట్టి, బీప్ రాగానే తీసెయ్ నాన్నా అని చెప్పి నేను ఆఫీసు కాల్‌లోకి వెళ్లిపోయాను. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి చూస్తే ఆయన ఇంకా అలాగే చెయ్యి బిగించుకుని కూర్చున్నారు. "ఇది పాడైపోయిందిరా, కూయట్లేదు" అన్నారు. నేను పెట్టుకు చూస్తే నిక్షేపంలా కూసింది. అదే థర్మామీటర్ ఆయన చెవికి జానెడు దూరంలో పెట్టి చూశాను, ఉలుకూ పలుకూ లేదు.

ఆయనకి 67. టీచర్‌గా రిటైరయ్యారు. అమలాపురం నుంచి మా దగ్గరికి కూకట్‌పల్లి వచ్చి రెండు నెలలైంది. టీవీ 38లో పెడతారు, మేము 15లో వింటాం. కోడలు ఏదైనా చెబితే "మీరంతా గొణుగుతారు, నోరు తెరిచి మాట్లాడరు" అంటారు. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే "నాకేం చెవుడా" అని కోపం. అందుకే ముందు ఇంట్లోనే పది నిమిషాల్లో చూసి, నిజంగా సమస్య ఉందని ఆయనకే చూపిస్తే కదులుతారేమోనని. ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి.

—

దోమలగూడ_దత్తు | మంగళవారం రాత్రి 9:58

యూట్యూబ్‌లో "మీ చెవుల వయసు ఎంత" అని వీడియోలు ఉంటాయి బ్రదర్, కూత సన్నబడుతూ పోతుంది, ఎక్కడ ఆగితే అది మీ చెవి వయసు. నాకు 41, పదిహేను వేల హెర్ట్జ్ దాకా వినిపించింది (ఈ అంకె పెరిగేకొద్దీ కూత సన్నం). మా ఆవిడకి పద్దెనిమిది వేలు. అందుకే ఆవిడకి నేను మనసులో అనుకునేవి కూడా వినిపిస్తాయి.

—

తీగ_శ్రుతి | మంగళవారం రాత్రి 10:20

దత్తు గారూ, జోక్ బాగుంది కానీ ఆ వీడియోలు నమ్మొద్దు. నేను సౌండ్ రికార్డింగ్ పని చేస్తాను. ఆడియో ఫైలు సైజు తగ్గించేటప్పుడు సాధారణంగా మొదట కత్తెర పడేది ఆ పై సన్నటి శబ్దాలకే. అది దాటుకుని వచ్చినా ఫోన్ స్పీకర్ సరిగ్గా పలికించలేదు. మీకు పద్దెనిమిది వేలు అని రాసిన చోట వినిపించింది పద్దెనిమిది వేలే అని ఏంటి నమ్మకం? చాలాసార్లు స్పీకర్ చేసే చిటపటే వినిపిస్తుంది. బ్లూటూత్ అయితే మళ్లీ ఇంకో కత్తెర.

ఇంకో మాట, అంత పైన వినిపించకపోయినా బతుకు ఆగదు. బ్రిటన్‌లో 2005లో ఒకాయన షాపుల ముందు గుమిగూడే కుర్రాళ్లని తరమడానికి 17,400 హెర్ట్జ్ కూత పెట్టే యంత్రం తయారుచేశాడు, పేరు మస్కిటో. కుర్రాళ్లకి చిరాకు పుడుతుంది, పాతికేళ్లు దాటిన చాలామందికి అసలు వినపడదు. వాళ్లెవరూ చెవిటివాళ్లు కాదు కదా. మనిషి మాటకి కావలసిందంతా ఇంచుమించు 250 నుంచి 6,000 లోపే ఉంటుంది. చూడాల్సింది అక్కడ.

పేరులో దోమ ఉంది కాబట్టి చెబుతున్నా, నిజం దోమ రొద అంత సన్నటిది కాదు, కొన్ని వందల హెర్ట్జే. రాత్రిపూట కీచురాళ్ల అరుపు నాలుగైదు వేల దగ్గర ఉంటుంది. ఊళ్లో ఉన్నప్పుడు మీ నాన్నగారు "ఈమధ్య కీచురాళ్లు తగ్గిపోయాయిరా" అన్నారా ఎప్పుడైనా?

—

కోనసీమ_కుర్రాడు | మంగళవారం రాత్రి 10:31

అయ్యో శ్రుతి గారూ, సంక్రాంతికి సరిగ్గా ఇదే మాట అన్నారు. మందులు కొట్టి పురుగుల్ని చంపేశారు, చేలల్లో కీచురాళ్లు కూడా లేవు అని. నేనూ నిజమే అనుకున్నా.

—

చెవి_బల్ల | మంగళవారం రాత్రి 11:15

ఆడియాలజిస్ట్‌ని, అంటే వినికిడి పరీక్షలు చేసేదాన్ని, పన్నెండేళ్లుగా ఇదే పని. థర్మామీటర్ కథ నాకు నెలకి ఒకసారైనా వినపడుతుంది. అందులో ఉండే చిన్న బజ్జర్ మామూలుగా రెండు వేల నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్య కూస్తుంది, పైగా చాలా మెల్లగా. వయసుతో వచ్చే వినికిడి లోపం పైనుంచి కిందకి దిగుతుంది, ముందు పోయేవి సన్నటి శబ్దాలే. మాటల్లో అచ్చులు లావు, హల్లులు సన్నం. స, ష, చ, త, క, ప ఇవన్నీ ముందు మసకబారతాయి, ఆ, ఓ, ఊ మాత్రం బాగానే వినిపిస్తాయి. అందుకే వాళ్లు "వినపడట్లేదు" అనరు, "వినిపిస్తోంది కానీ అర్థం కావట్లేదు, మీరు గొణుగుతున్నారు" అంటారు. ఆయన అబద్ధం చెప్పట్లేదండీ, ఆయనకి నిజంగా అలాగే వినిపిస్తోంది.

ఇంట్లో చేయడానికి గుసగుస పరీక్ష మంచిది. మెషీన్లు లేనిచోట డాక్టర్లు కూడా చేసేదే. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మీరు వెనక్కి వెళ్లండి, చెయ్యి చాపినంత దూరం, అంటే రెండడుగులు. ముందు నిలబడకూడదు, పెదాలు చూసి అల్లేస్తారు. పరీక్షించని చెవిని మూయాలి. ఎలాగంటే చెవి రంధ్రం ముందు చిన్న బుడిపె ఉంటుంది చూడండి, దాన్ని వేలితో లోపలికి నొక్కి గుండ్రంగా రుద్దుతూ ఉండాలి, ఆ రుద్దుడు శబ్దానికి ఆ చెవి దొంగతనంగా వినలేదు. ఇప్పుడు ఊపిరి పూర్తిగా వదిలేసి, మిగిలిన గాలితో గుసగుసగా మూడు చెప్పండి. ఇంగ్లీషులో అయితే 4-కె-2 లాగా అంకె, అక్షరం, అంకె. మూడూ సరిగ్గా చెబితే ఆ చెవి పాస్. తప్పితే వేరే మూడు ఇవ్వండి. మొత్తం ఆరింటిలో కనీసం మూడు రావాలి. రాకపోతే ఇంచుమించు 30 డెసిబెల్స్ పైన లోపం ఉన్నట్టే అనుకుని చూపించుకోవాలి. రెండో చెవికి అంకెలు మార్చండి, టీచర్లు కంఠతా పట్టేస్తారు.

ఊపిరి ఎందుకు వదలమన్నానంటే, నిండా గాలి పీల్చుకుని చేసే గుసగుస ఒక్కొక్కరిది ఒక్కో స్థాయిలో ఉంటుంది. ఊపిరి వదిలాక అందరి గుసగుసా ఇంచుమించు ఒకే స్థాయికి వస్తుంది.

తెలుగులో నేను సరదాగా వాడే వరసలు కొన్ని ఉన్నాయి. పాలు, కాలు, చాలు, తాలు. పప్పు, కప్పు, తప్పు, డప్పు. అచ్చు అదే, మొదటి హల్లు ఒక్కటే తేడా. ఇవి గుసగుసగా చెబితే పై శబ్దాలు పోయినవాళ్లు కచ్చితంగా తడబడతారు. ఇది లెక్క కట్టిన పరీక్ష కాదు, దీనికి మార్కులు లేవు. కానీ ఇంట్లో వాళ్లకి విషయం అర్థం కావడానికి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు.

—

మరమగ్గం_మనిషి | బుధవారం ఉదయం 6:50

మాది సిరిసిల్ల. మా బాపు ముప్పై ఏండ్లు సాంచెల మీద పనిచేసిండు, నేను ఆరేండ్లు చేసి బయటపడ్డ. షెడ్డులో ఉన్నన్ని రోజులు మేము మాట్లాడుకునేది పెదాలు చూసే, చేతులు ఊపే. నలభై మగ్గాలు ఒక్కసారి కొడుతుంటే మనిషి మాట ఏడ వినపడుతది. అందుకని మా వాడకట్టులో ఎవరికీ తెల్వదు, ఎవరికి ఎంత వినపడుతదో. అందరూ గట్టిగనే మాట్లాడుతరు, ఇంట్ల కూడా.

మేడమ్‌కు ఒక ప్రశ్న. నేను మీ గుసగుస పరీక్ష పొద్దుగాల మా తమ్మునితో చేయించుకున్న, రెండు చెవులు పాస్. కానీ ఫంక్షన్ హాల్లో ఎదురుంగ కూర్చున్నోడి మాట అర్థం కాదు. మరి ఉన్నట్టా లేనట్టా?

—

చెవి_బల్ల | బుధవారం ఉదయం 8:05

మంచి ప్రశ్న అన్నా. చప్పుడు వల్ల వచ్చే దెబ్బ మొదట 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక్క గుంటలాగా పడుతుంది, అటూ ఇటూ బాగానే ఉంటుంది. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో గుసగుస పాసైపోతారు, జనంలో పడితే దొరికిపోతారు. మగ్గాల షెడ్లలో చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది. 85లో ఎనిమిది గంటలు ఉండొచ్చు అని ఒక లెక్క, ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం అవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 100 అయితే పావుగంట. మీరు ఆరేళ్లు రోజూ గంటలకొద్దీ ఉన్నారు. ఇంటి పరీక్ష పాసయ్యానని వదిలేయకండి, ఒకసారి ఆడియోగ్రామ్ (మెషీన్‌తో వినికిడి కొలిచి ఇచ్చే గ్రాఫ్) తీయించుకోండి. బాపు గారిని కూడా తీసుకెళ్లండి.

వేళ్ల పరీక్ష ఒకటి ఉంది, అది కూడా చేసి చూడండి. కళ్లు మూసుకోమని, ఎదురుగా నిలబడి రెండు చేతులూ పక్కలకి పూర్తిగా చాపి, బొటనవేలితో మిగతా వేళ్లని గట్టిగా రుద్దాలి. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ, ఒకసారి ఏదీ రుద్దకుండా ఊరికే. ఏ పక్క వినిపించిందో చెప్పాలి. చేతులు తడిగా ఉంటే శబ్దం రాదు, తుడుచుకోండి. గట్టిగా రుద్దినా వినపడకపోతే నేరుగా డాక్టర్ దగ్గరికే.

—

పెద్దాపురం_పిన్ని | బుధవారం ఉదయం 9:30

ఇవన్నీ ఎందుకు బాబూ, నువ్వుల నూనెలో రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి కాచి గోరువెచ్చగా చెవిలో నాలుగు చుక్కలు వేయి. మా అత్తగారికి అలాగే విడిచింది. గులిమి అంతా ఉబ్బి బయటికి వచ్చేసింది, తర్వాత పిన్నీసు వంకతో నెమ్మదిగా తీశాను.

—

చెవి_బల్ల | బుధవారం ఉదయం 9:52

పిన్నిగారూ, మీ అత్తగారు అదృష్టవంతురాలు. కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ల చెవిలో నూనె పోస్తే లోపలికి వెళ్లి చీము పడుతుంది, చిల్లు ఉందో లేదో బయటినుంచి మనకి తెలియదు. పిన్నీసు మాట ఇంకెవరికీ చెప్పకండి దయచేసి. వారానికి ఇద్దరు ముగ్గురు వస్తారు మా దగ్గరికి, పిన్నీసు, అగ్గిపుల్ల, పెన్ను మూత, హెయిర్‌పిన్ను. దూదిపుల్లలు కూడా అంతే, గులిమిని తీయవు, ఇంకా లోపలికి కూరతాయి.

—

పెద్దాపురం_పిన్ని | బుధవారం ఉదయం 10:04

సరేనమ్మా, చిల్లు సంగతి నాకు తెలీదు. ఇక చెప్పనులే.

—

డాలస్_సుబ్బు | బుధవారం మధ్యాహ్నం 12:40

మాకు ఇక్కడ అర్ధరాత్రి, నిద్ర పట్టక చూస్తున్నా. మీ దగ్గర ఐఫోన్, ఎయిర్‌పాడ్స్ ప్రో 2 ఉంటే అందులోనే వినికిడి పరీక్ష ఉంది, 2024 అక్టోబరు అప్‌డేట్‌తో వచ్చింది. ఐదు నిమిషాలు పడుతుంది. సన్నటి కూతలు వస్తాయి, వినిపించినప్పుడల్లా తెర మీద తాకాలి, చివరికి రెండు చెవులకీ గ్రాఫ్ ఇస్తుంది. ఆ ఇయర్‌ఫోన్ ఎంత శబ్దం పుట్టిస్తుందో కంపెనీకి ముందే తెలుసు కాబట్టి ఏదో ఒక ఇయర్‌ఫోన్‌తో చేసే యాప్‌ల కన్నా నయం. నేను చేసుకున్నా, ఎడమ 12, కుడి 17 డెసిబెల్స్ (అంకె తక్కువుంటే మంచిది).

వచ్చిన కొత్తలో దాని హియరింగ్ ఎయిడ్ సదుపాయం ఇండియాలో పనిచేసేది కాదు. బెంగళూరులో ముగ్గురు కుర్రాళ్లు అమ్మమ్మ కోసం కొని, పనిచేయకపోతే, వంటకి వాడే అల్యూమినియం రేకు చుట్టిన డబ్బాలో పెట్టి, పక్కన మైక్రోవేవ్ ఆన్ చేసి, ఉన్నది అమెరికాలో అని దాన్ని నమ్మించి పని చేయించారు. చదివి ఎంత నవ్వుకున్నానో. ఇప్పుడు మీ దగ్గర ఏది పనిచేస్తోందో సెట్టింగ్స్‌లో చూసుకోండి.

—

బెజవాడ_బుల్లెట్ | బుధవారం మధ్యాహ్నం 1:15

అన్ని వేలు పోసి ఎయిర్‌పాడ్స్ కొనేకంటే ఆడియోగ్రామ్ వందల్లో అయిపోతుంది సుబ్బన్నా. ఉచితంగా కావాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల హియర్‌హూ యాప్ ఉంది, 2019లో ప్రపంచ వినికిడి దినం (మార్చి 3) సందర్భంగా వదిలారు. వెనక హోరు వస్తూ ఉంటుంది, దాంట్లోంచి మూడు అంకెలు చెబుతారు, విన్నది నొక్కాలి. సరిగ్గా చెబితే హోరు పెరుగుతుంది, తప్పితే తగ్గుతుంది. చివర్లో 100కి మార్కులు. 75 పైన ఉంటే బాగున్నట్టు, 50 కంటే తక్కువైతే చూపించుకోవాల్సిందే. హోరుకీ మాటకీ తేడాని చూస్తుంది కాబట్టి ఇయర్‌ఫోన్ కాస్త అటూ ఇటూ అయినా పెద్దగా నష్టం లేదు. సిరిసిల్ల అన్న ఫంక్షన్ హాల్ బాధకి ఇదే సరైంది. అంకెలు ఇంగ్లీషులో వస్తాయి, అది చూసుకోండి.

నా కథ కూడా చెబుతా, నవ్వుకోండి. పోయినేడాది ఇలాంటి యాప్ పెట్టుకుంటే కుడి చెవి బ్రహ్మాండం, ఎడమ చెవి సగం. రెండు రాత్రులు నిద్ర లేదు. నాకు 33, బుల్లెట్ మీద తిరిగి తిరిగి చెవి పోయిందని ఫిక్స్ అయిపోయా, మా అమ్మకి చెబితే ఏడ్చింది. మూడో రోజు మా చెల్లి వచ్చి "ఇయర్‌ఫోన్లు తారుమారు చేసి పెట్టుకున్నావా" అంది. పెట్టుకుంటే ఇప్పుడు ఎడమ చెవి బ్రహ్మాండం, కుడి చెవి సగం. చూస్తే ఎడమ ఇయర్‌ఫోన్ జాలీ నిండా నా గులిమే. టూత్ బ్రష్‌తో దులిపితే పద్నాలుగు వందల రూపాయల హాస్పిటల్ ప్యాకేజీ మిగిలింది.

—

తీగ_శ్రుతి | బుధవారం మధ్యాహ్నం 1:40

మీ చెల్లి చెప్పిన ఆ తారుమారు చేయడం అనేది ఇక్కడ ఇంకెవరూ చెప్పలేదు చూశారా, అసలు మొదట చేయాల్సింది అదే. ఇంకోటి, ఫ్యాన్ ఆపండి. మన ఇళ్లలో ఫ్యాన్, ఫ్రిజ్, పైన ట్యాంకు మోటారు ఇవన్నీ అలవాటైపోయి మనకి వినపడటం మానేశాయి కానీ మైక్ పెడితే ఎంత హోరో నాకు తెలుసు. రాత్రి పదకొండు దాటాక, కిటికీలు వేసి చేయండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ చూసుకోవాలంటే అదే ఫోను, అదే ఇయర్‌ఫోను, అదే గది, అదే వాల్యూమ్ గీత. అప్పుడే పోల్చగలం.

—

వాల్తేరు_అప్పలమ్మ | బుధవారం సాయంత్రం 5:25

నేను ఒక సంగతి చెప్పాలి, ఆలస్యం చేయొద్దు అని చెప్పడానికే రాస్తున్నాను. రెండేళ్ల కిందట ఒక సోమవారం పొద్దున్న లేచేసరికి కుడి చెవి మూసుకుపోయింది. జలుబు అనుకున్నాను. లోపల సముద్రం హోరులాంటిది, మాది వైజాగే కాబట్టి మొదట కిటికీ తెరిచి ఉందేమో అనుకున్నాను కూడా. మందుల షాపులో అడిగితే గులిమి కరిగే చుక్కలు ఇచ్చారు, వారం వేశాను. తర్వాత వీధి చివర డాక్టరు గారు ఇంకో వారం ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇచ్చారు. పదహారో రోజు పెద్దాసుపత్రిలో చూసి "అమ్మా, ఇది నరానికి సంబంధించింది, మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చి ఉంటే" అని ఆగిపోయారు. స్టెరాయిడ్స్ ఇచ్చారు. కొంచెం వచ్చింది, అంతే. ఇప్పుడు ఆ చెవితో ఫోన్ వినలేను.

ఒక్క చెవి హఠాత్తుగా, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే ఇంట్లో పరీక్షలు పెట్టుకుని కూర్చోకండి.

—

చెవి_బల్ల | బుధవారం సాయంత్రం 6:10

అప్పలమ్మ గారూ, మీరు రాసినందుకు చాలా థాంక్స్, నేను మొదటి పోస్టులోనే చెప్పాల్సింది. 72 గంటల లోపల అలా పడిపోతే దాన్ని గుండెనొప్పిలాగే చూడాలి, అదే రోజు ఈఎన్‌టీ దగ్గరికి. మందు ఎంత త్వరగా మొదలైతే అంత మేలు, రెండు వారాలు దాటితే లాభం బాగా తగ్గుతుంది.

గులిమా, నరమా అన్నది మీరే కొంత పసిగట్టవచ్చు. నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అని సన్నగా రాగం తీయండి. ఇప్పుడే, ఇది చదువుతూనే చేయండి. రెండు చెవుల్లో సమంగా ఉంటుంది. ఒక చెవిని వేలితో మూయండి, రాగం ఆ చెవిలోకి దూకుతుంది, అవునా? మూసుకుపోయిన చెవిలో లోపలి శబ్దం పెద్దదవుతుంది. కాబట్టి గులిమి వల్లో, జలుబుకి నీరు పట్టడం వల్లో అయితే రాగం బాగాలేని చెవిలోనే పెద్దగా వినిపిస్తుంది. నరం దెబ్బతింటే మంచి చెవి వైపుకి వెళ్లిపోతుంది. ట్యూనింగ్ ఫోర్క్‌ని నుదుటి మీద పెట్టి మేము చేసేది ఇదే. ఒక చెవి హఠాత్తుగా తగ్గి, రాగం మంచి చెవి వైపు వెళ్తే ఆటో ఎక్కేయండి. అటు వెళ్లకపోయినా ఎక్కేయండి, ఇది సూచనే కానీ తీర్పు కాదు.

హఠాత్తుగా కాకపోయినా, ఒక్క చెవిలోనే తేడా, ఒక్క చెవిలోనే కూత ఉంటే కూడా వదలొద్దు. నరం మీద చిన్న గడ్డ ఉందేమో చూడటానికి కొన్నిసార్లు ఎంఆర్ఐ రాస్తారు.

—

గుంటూరు_గృహిణి | బుధవారం రాత్రి 8:30

మా అమ్మ ఏ పరీక్షకీ కూర్చోదు. ఆమెకి నేను ప్రశ్నల కాగితం పెట్టాను. అమెరికాలో 1983 నుంచి వాడుతున్న పది ప్రశ్నలట, పెద్దవాళ్ల కోసం. కొత్తవాళ్లని కలిసినప్పుడు మీ వినికిడి వల్ల ఇబ్బంది పడతారా, ఇంట్లో గొడవలు అవుతున్నాయా, టీవీ రేడియో దగ్గర కష్టంగా ఉందా, చుట్టాలింటికి వెళ్లడం తగ్గించుకున్నారా, ఇలాంటివి. అవును అంటే 4, అప్పుడప్పుడు అంటే 2, కాదు అంటే 0. పది, ఆ పైన వస్తే చూపించుకోవాలి.

అమ్మ తనకి తాను 4 వేసుకుంది. అదే కాగితం నాన్నకి ఇచ్చి అమ్మ గురించి రాయమంటే 26 వేశారు. రెండు కాగితాలూ డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. అరగంట గొడవ. నాన్న "పోయిన నెల మీ అక్క కూతురి పెళ్లికి ఎందుకు రానన్నావ్" అన్నారు. అమ్మ మాట్లాడలేదు. కాసేపటికి "అక్కడ అందరూ నవ్వుతారు, ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలీదు, నేనూ నవ్వాలి" అంది. తర్వాతి సోమవారం వెళ్లాం.

—

మరమగ్గం_మనిషి | బుధవారం రాత్రి 9:05

గుంటూరు అక్క రాసింది రెండుసార్లు చదివిన. మా బాపు కూడా పెండ్లిళ్లకు పోవుడు బంద్ చేసిండు. మోకాళ్ల నొప్పులంటడు.

సర్కారు దవాఖాన్ల ఎక్కడ చేస్తరో ఎవరికన్న తెలుసా? ప్రైవేటుల పోతే చెవి మిషన్ అంటగడుతరని భయం.

—

చెవి_బల్ల | బుధవారం రాత్రి 9:40

హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వినికిడి పరీక్షలూ చెవి మిషన్లూ వాళ్ల పనే. వైజాగ్ వాళ్లకి పెదవాల్తేరు ఈఎన్‌టీ ఆసుపత్రి. జిల్లా ఆసుపత్రిలో కూడా ముందు అడగండి, చెవిటితనం నివారణ జాతీయ కార్యక్రమం కింద చాలాచోట్ల ఆడియోమీటర్ ఇచ్చారు, నడిపే మనిషి ఆ రోజు ఉన్నాడా లేడా అన్నదే సమస్య. అరవై దాటిన పేదవాళ్లకి వయోశ్రీ పథకంలో కళ్లజోళ్లు, చేతికర్రలతో పాటు చెవి మిషన్లు కూడా ఇస్తారు. 2017 ఏప్రిల్ 1న అది మొదలైంది నెల్లూరులోనే. క్యాంపు ఎప్పుడో కలెక్టరేట్‌లో వికలాంగుల, వయోవృద్ధుల విభాగం వాళ్లని అడగాలి.

అంటగడతారన్న భయం నిజమే, నేను కాదనను. పరీక్ష చేసిన రోజే డబ్బు కట్టమంటే కట్టకండి. ఆడియోగ్రామ్ కాగితం మీ సొత్తు, చేతికి తీసుకుని బయటికి రండి. మిషన్ కొన్ని రోజులు పెట్టుకు చూడటానికి ఇవ్వమని అడగండి. ఇవ్వనంటే ఇంకో చోటికి.

—

కొత్త_నాన్న_99 | బుధవారం రాత్రి 10:15

మధ్యలో వస్తున్నందుకు సారీ. మా పాపకి నాలుగు నెలలు. వెనకాల స్టీలు పళ్లెం కొడితే ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు. టెన్షన్‌గా ఉంది.

—

చెవి_బల్ల | బుధవారం రాత్రి 10:22

పళ్లెం పక్కన పెట్టండి. అంత పెద్ద చప్పుడు కొద్దిపాటి లోపం ఉన్న బిడ్డకి కూడా వినిపిస్తుంది, గాలి కదలికకి, నీడకి కూడా తిరుగుతారు. పసిపిల్లలకి ఇంటి పరీక్షలు అస్సలు వద్దు. ఓఏఈ అని ఒక వినికిడి పరీక్ష ఉంటుంది, చెవిలో చిన్న బుడిపె పెట్టి పాప నిద్రలో ఉండగానే నిమిషాల్లో చేసేస్తారు. పుట్టినప్పుడు చేశారా, డిశ్చార్జి కాగితంలో చూడండి. లేకపోతే ఈ వారమే చేయించండి, వాయిదా వేయకండి.

—

కోనసీమ_కుర్రాడు | శనివారం రాత్రి 8:10

అప్‌డేట్. గురువారం రాత్రి పదకొండున్నరకి ఫ్యాన్, ఫ్రిజ్ ఆపి, చెవి_బల్ల మేడమ్ చెప్పినట్టు నాన్నని బెడ్‌రూమ్‌లో కూర్చోబెట్టాను. మా ఆవిడ వెనక నిలబడి గుసగుసలు, నేను బుడిపె రుద్దడం. మొదటి చెవి మూడుకి మూడు. రెండో చెవి మూడుకి మూడు. నాన్న ముఖం వెలిగిపోయింది, "చూశావా, గొణిగేది మీరే" అన్నారు. నాకు అర్థం కాలేదు. మా ఆవిడే కనిపెట్టింది, ఎదురుగా బీరువా అద్దం! అద్దంలో ఆమె పెదాలు చూసి చెప్పేస్తున్నారు. అలా చూస్తున్నట్టు ఆయనకే తెలీదు, ముప్పై ఐదేళ్లు వెనక బెంచీ వాళ్ల పెదాలు చూసి ఎవడు మాట్లాడుతున్నాడో పట్టుకున్న మనిషి కదా.

అద్దానికి దుప్పటి కప్పి మళ్లీ చేశాం. ఎడమ చెవి ఆరింటికి రెండు, కుడి చెవి ఒకటి. పాలు అంటే చాలు అన్నారు, చాలు అంటే కాలు అన్నారు, తప్పు అంటే కప్పు అన్నారు. నాన్న కాసేపు దుప్పటి వైపు చూసి "ఇన్నాళ్లూ కోడలు పాలు పోయమంటారా అంటే చాలు అంటోందనుకుని కోపం వచ్చేది" అన్నారు. నేనేం మాట్లాడలేదు.

నిన్న వెళ్లాం. కుడి చెవిలో గులిమి గడ్డకట్టి ఉంది, డాక్టరు గారు సక్షన్ పెట్టి తీశారు. నల్లగా చింతగింజంత, నాన్న దాన్ని ట్రేలో పెట్టించుకుని మరీ చూశారు. దాని తర్వాత గాజు గదిలో పరీక్ష. ఇప్పుడు రెండు చెవులూ ఇంచుమించు సమానం. 500 హెర్ట్జ్ దగ్గర 20 డెసిబెల్స్, వెయ్యి దగ్గర 30, రెండు వేల దగ్గర 45, నాలుగు వేల దగ్గర 60; డెసిబెల్స్ పెరిగేకొద్దీ లోపం ఎక్కువన్నమాట. నాలుగూ కలిపి నాలుగుతో భాగించాలట, 38 చిల్లర. ఒక మోస్తరు లోపం, 35 నుంచి 50 లోపు వచ్చేది. ఆ లెక్క ఆయనే కాగితం లాక్కుని చేశారు, 38.75 అని దశాంశాలతో సహా చెప్పారు. మిషన్ ట్రయల్‌కి రెండు వారాలు ఇచ్చారు.

టీవీ ఇప్పుడు 19. అయితే మిషన్ పెట్టుకున్న మొదటి గంటలో ఆయన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది పేపర్ చప్పుడు, "ఈనాడు ఇంత చప్పుడు చేస్తుందా" అని రెండు పేజీలు తిప్పి మడిచేశారు.

—

బెజవాడ_బుల్లెట్ | శనివారం రాత్రి 8:25

దుప్పటి దగ్గర నవ్వొచ్చింది, పాలు చాలు దగ్గర ఏదోలా అయింది గురూ. థర్మామీటర్ ఏమైంది?

—

కోనసీమ_కుర్రాడు | శనివారం రాత్రి 8:41

వినపడింది. "ఓస్, ఇదా" అన్నారు. ఇప్పుడు పాలు కాలు చాలు తాలు అని కాగితం మీద రాసుకుని ఇంటికి వచ్చిన ప్రతివాళ్లనీ కూర్చోబెడుతున్నారు. ఎదురు ఫ్లాట్ అంకుల్‌కి ఆరింటికి రెండే వచ్చాయి, సోమవారం ఇద్దరూ కలిసి వెళ్తారట.

—

మరమగ్గం_మనిషి | శనివారం రాత్రి 9:02

అంకుల్‌కు చేసేటప్పుడు బీరువాకు దుప్పటి కప్పిండ్రా?

—

కోనసీమ_కుర్రాడు | శనివారం రాత్రి 9:04

అది ఆయన మొదటే కప్పారు అన్నా. టీవీకి కూడా.